సీట్లక్క కొండదారి

మోటారు సైకిళ్ళకు సీట్లు కుట్టే ఆవిడను వీధి వీధంతా సీట్లక్క అనే పిలిచేది. ఆ పని తండ్రి నుంచి వచ్చింది. ఆయన పోయాక కొట్టు మూతపడుతుందనుకున్న వాళ్ళు, కొద్ది రోజులకే ఆమె పటకారు పట్టుకుని తండ్రి కూర్చున్న చోటే కూర్చోవడం చూసి, ఇంకేం అని బళ్ళు తెచ్చి గుమ్మం ముందు ఆపారు. అప్పటి నుంచీ ఆ గుమ్మం ముందు సీటు ఊడదీసిన బండి ఒక్కటైనా లేని రోజు లేదు.

ఇంటి ముందుగదే కొట్టు. ఒక గోడకు రెగ్జిన్ చుట్టలు, ఇంకో గోడకు కుట్టుమిషను, మధ్యలో నడుం ఎత్తు బల్ల. ఫోమ్ అంటించే సొల్యూషన్ వాసన పడకగది దాకా వచ్చేది. పాత కవరు చింపి, లోపలి ఫోమ్‌లో పడిన గుంటలు చూసి, కొత్త ఫోమ్ చెక్కి, దాని మీద రెగ్జిన్ లాగి చుట్టూ పిన్నులు కొట్టాలి. ఆ లాగడంలోనే ఉంది పనంతా. ఎక్కువ లాగితే కుట్టు పిగులుతుంది, తక్కువ లాగితే ముడతల్లో వాననీళ్ళు నిలుస్తాయి. ఎడమచేత్తో పటకారు బిగించి లాగడం, కుడిచేత్తో పిన్ను కొట్టడం. పాతికేళ్ళకు పైగా ఆ రెండు చేతులకూ అదే చాకిరీ.

సీటు చూస్తే మనిషి తెలిసిపోతాడనేది ఆమె. ఒక పక్కకి ఒరిగి కూర్చునేవాడు, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారేవాడు, వెనక ఎవరినీ ఎక్కించుకోని ఒంటికాయ సొంఠికొమ్ము, అందరూ ఫోమ్‌లో అచ్చుపడి ఉండేవారు. మనుషులే కాదు, మనుషులు తిరిగొచ్చిన చోట్లు కూడా సీట్లో ఉంటాయని ఆమెకు ఒక వానాకాలం మొదట్లో తెలిసింది.

దూరం తిరిగొచ్చిన బండి ఒకటి వచ్చింది. కవరు చింపగానే బల్ల మీద జలజలా ఇసుక రాలింది. పిన్నులన్నీ తుప్పు, దారం మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. సముద్రం వైపు వెళ్ళొచ్చిన సీట్లు అలాగే ఉంటాయి గనక ఆమె ఆశ్చర్యపోలేదు. కాని ఫోమ్ పగుల్లో ఇంకోటి ఇరుక్కుని ఉంది. సూదిలా సన్నగా, పొడుగ్గా, ఎండిపోయిన ఆకు. నలిపితే ఘాటైన చల్లటి వాసన వచ్చింది. చలికొండల మీద పొడుగాటి చెట్లుంటాయి, వాటి ఆకు అన్నాడు బండాయన.

"ఇసకా, ఇదీ ఒకే సీట్లోకి ఎలా వచ్చాయండీ? రెండు చోట్లకీ వేరేగా వెళ్ళారా?"

"ఒక్కసారే అక్కా. ఒకటే రోడ్డు అది. ఇవాళ ఇసకలో కూర్చుని టీ తాగుతాం, రేపు మబ్బులో కూర్చుని వణుకుతూ తాగుతాం. అక్కణ్ణించి చూస్తే కింద సముద్రం కనబడుతూనే ఉంటుంది."

"మబ్బులోంచి సముద్రం కనబడుతుందా?"

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. చేత్తో గాల్లో ఒక గీత గీశాడు. "చెప్తే తెలిసేది కాదులే అక్కా" అని హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

బాగా మాట్లాడే మనిషి. టైరు పంక్చరైతే అరగంట చెప్పగలడు. అలాంటివాడికి మాట దొరకని చోటంటే అది ఎలా ఉండాలి? సీట్లక్క ఆ ఆకును పారేయలేకపోయింది. ఆ పూట కుట్టిన కుట్టు రెండుసార్లు వంకర పోయింది. ఆమె చేతిలో కుట్టు వంకర పోవడం వీధిలో ఎవరూ ఎరగరు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. సీట్లక్క భర్త బేకరీలో పిండి కలిపే మనిషి. మాట తక్కువ, నవ్వు ఎక్కువ, చెవుల వెనక ఎప్పుడూ కాస్త పిండి. మూడో మనిషి ఆయన అక్క. బళ్ళో పిల్లలకు భూగోళం చెప్పే టీచరు. పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా యాభై ఎనిమిదో ఏడులోకి వచ్చేసింది. ఆడపడుచు అర్ధమొగుడు అన్న సామెత ఈ ఇంటి కిటికీలోంచి తొంగిచూసే పుట్టించి ఉంటారని సీట్లక్క అనేది, అదీ వదిన వినేలాగే అనేది. వదిన కూడా తక్కువ తినలేదు. "నీ సొల్యూషన్ వాసనకి ఈ ఇంట్లో దోమ కూడా సంసారం చెయ్యదే" అనేది. ఇద్దరూ రోజుకోసారి అలిగేవారు. అలిగినంత తొందరగానే మర్చిపోయేవారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సీట్లక్క ఆకు తీసి పళ్ళెం పక్కన పెట్టి, బండాయన చెప్పినదంతా చెప్పింది. తర్వాత నీళ్ళు తాగి, "నేను ఆ రోడ్డు మీద వెళ్ళాలి" అంది.

"దూరపు కొండలు నునుపు" అన్నాడు భర్త.

"అవునండీ. నునుపో గరుకో చెయ్యి పెట్టి చూసి చెప్తాను."

ఆయన నవ్వి అక్క వైపు చూశాడు. సాయం వస్తుందనుకున్నాడు. వదిన ఆకును వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది.

"వదినా, మీరు సముద్రం చూశారా?"

"చూపించాను" అంది వదిన.

"చూపించడం కాదు, చూశారా అని."

"చూపించానంటున్నాగా. ముప్పై ఏళ్ళుగా, ఏడాదికో తరగతికి. బెత్తం పెట్టి, ఇది సముద్రం, ఇవి కొండలు అని. పటంలో నీలంరంగు ఎక్కడ వెలిసిపోయిందో కూడా తెలుసు." ఆవిడ ఆకు కింద పెట్టింది. "చూడలేదే."

మర్నాడు బడి నుంచి వస్తూ వదిన చంకలో ఒక పెద్ద చుట్ట పెట్టుకొచ్చింది. కొత్తది వచ్చాక మూలపడేసిన గోడపటం. సీట్లక్క బల్ల మీది రెగ్జిన్ ముక్కలన్నీ తోసేసి దాన్ని పరిచారు. నీలం అంచు వెంబడి ఎర్రదారంలా ఒక రోడ్డు. అది పోయి పోయి ఒకచోట ఉన్నట్టుండి గోధుమరంగులోకి తిరిగి, అక్కణ్ణించి కర్రతో కొట్టిన పాములా మెలికలు తిరిగిపోయింది. సీట్లక్క ఆ మెలికల మీద చూపుడువేలు పెట్టి నడిపింది. వేలు కొండ ఎక్కేసరికి ఎందుకో ఆమె ఊపిరి బిగబట్టి ఉంది.

వానలు పడ్డంత కాలం ఆ పటం ఆ బల్ల మీదే ఉంది. పగలు దాని మీద బట్టపరిచి పని, సాయంత్రం బట్ట తీసేసి ప్రయాణం.

ఇద్దరికీ దారి మీద కుదిరేది కాదు. వదిన స్కేలు పెట్టి కొలిచి, ఈ పూటకి ఇక్కడ, ఆ పూటకి అక్కడ అని పెన్సిలుతో చుక్కలు పెట్టేది. "మీ పటంలో దూరం ఉంటుంది గాని నడుంనొప్పి ఉండదు వదినా" అని సీట్లక్క చుక్కల్ని దగ్గరికి జరిపేది. ముందు కొండ ఎక్కి తర్వాత సముద్రం దగ్గరికి దిగుదామంది వదిన, నది అలాగే కదా వెళ్తుందని. నది మనలా పెట్రోలు పోయించుకోదంది సీట్లక్క. చివరికి సీట్ల కోసం వచ్చేపోయే వాళ్ళనే అడిగారు. ఒకరు ఎండ గురించి చెప్పారు, ఒకరు లారీల గురించి. ఒకాయన మాత్రం మంచి మాట చెప్పాడు. సముద్రం మీ ఎడమ పక్కన ఉండేలా వెళ్ళండి, మీకూ నీళ్ళకీ మధ్య ఎదురుబళ్ళు రావు. దాంతో తగువు తీరింది. ముందు సముద్రం, ఆ తర్వాత కొండ.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు" అన్నాడు భర్త ఒకరోజు, వాళ్ళ పక్కన రొట్టె నములుతూ.

"మేం కూర్చుని ఎక్కుతాం. కరగవులెండి" అంది సీట్లక్క.

అయితే ఆమె ఒక షరతు పెట్టింది. బండి నడపడం వదిన కూడా నేర్చుకోవాలి. దారిలో నాకు జ్వరం వస్తే మనిద్దరం చెట్టు కింద కూర్చుని పటం చూసుకోవాలా అంది. వదిన రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగింది. మూడో రోజు చీర మాని, తమ్ముడి పాత ప్యాంటు నడుం దగ్గర బిగించుకుని, "పద, ఎవరూ లేని చోటు చూపించు" అంది.

సెలవు రోజుల్లో బడి మైదానంలో నేర్చుకుంది. గేరు వేసినప్పుడల్లా బండితో పాటు ఆవిడా ఉలిక్కిపడేది. ఒకసారి గోల్‌పోస్టును తిన్నగా వెళ్ళి గుద్దింది. ఇంత మైదానంలో అదొక్కటే ఎలా దొరికిందని తమ్ముడు అడిగితే, గురి అంటే అదిరా అంది. లైసెన్సు పరీక్షకు వెళ్ళేసరికి అక్కడి అధికారి ఆవిడ పాత విద్యార్థి. లేచి నమస్కారం పెట్టి, మీరెందుకు నడిపి చూపించడం టీచరుగారూ, సంతకం పెట్టేస్తానన్నాడు. "నువ్వు పటం నేర్చుకోకుండా పరీక్ష రాస్తే నేను మార్కులు వేశానా? సరిగ్గా చూడు" అని ఆవిడ ఎనిమిది అంకె చుట్టూ నడిపింది. కాలు కింద పెట్టింది. అతను తల దించుకుని ఫెయిలు చేశాడు. ఆవిడ ఇంటికొచ్చి, పిల్లవాడు బాగుపడ్డాడని సంతోషించింది. రెండోసారి పాసైంది.

ఇన్నేళ్ళూ సీట్లక్క సొంత బండి సీటుకు టేపు అతికించే ఉండేది. ఊరందరికీ కుట్టే మనిషికి తన సీటు కుట్టుకునే తీరిక లేదు. ప్రయాణానికి వారం ముందు ఆ టేపు పీకేసింది. వదినను ఫోమ్ మీద కూర్చోబెట్టి, లేవమని, మళ్ళీ కూర్చోమని, ఎక్కడ ఎంత దిగిందో చేత్తో తడిమి చూసింది. "కొలతలు ఎవరికీ చెప్పకు" అంది వదిన. వెనక భాగాన్ని మామూలు కంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా చెక్కింది, వెనకున్న మనిషికి ముందున్న మనిషి తలకాయ అడ్డు రాకూడదని. పని పూర్తయ్యాక దానిమీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంది.

వానలు వెలిసి, గాలి పొడిబారాక బయల్దేరారు. భర్త రస్కులు కాల్చి రెండు డబ్బాల నిండా పెట్టాడు. వదిన తెచ్చిన సామాన్లో సగం సీట్లక్క దింపేసింది. గొడుగు, ఇస్త్రీపెట్టె, ఏదో లావుపాటి పుస్తకం. "ఇస్త్రీపెట్టె ఎందుకు వదినా, కొండను సాపు చెయ్యడానికా?" అంటే ఆవిడ కూడా నవ్వేసింది.

మైదానం మీద రోడ్డు తిన్నగా, విసుగ్గా సాగింది. మధ్యాహ్నం దాటాక గాలి మారింది. ఒంటికి అంటుకునే తడిగాలి. చెట్లన్నీ ఒకే వైపుకు వంగి ఉన్నాయి. ముందు ఒక చిన్న గుట్ట. బండి గుట్ట ఎక్కుతూంటే సీట్లక్కకు ఆకాశంలో ఏదో తేడా కనిపించింది. ఉండాల్సిన దానికంటే బాగా కిందికి దిగివచ్చింది. ఇంత కిందికి ఎందుకు దిగిందా అని చూస్తూ చూస్తూ గుట్ట మీదికి వచ్చింది. అక్కడ తెలిసింది, ఆ కింది సగం ఆకాశం కాదు.

వదిన వెనక నుంచి ఆమె భుజం మీద దబదబా బాదుతోంది. "ఆపవే, ఆపు, ఆపు."

బండి పక్కకి తీసి ఆపారు. ఇంజను ఆగాక చప్పుడు వినిపించింది. పెద్ద చప్పుడేం కాదు. ఏదో చాలా పెద్దది నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉంది. వదిన చెప్పులు విప్పేసి ఇసుకలోకి నడిచింది. నీళ్ళు పాదాల మీదికి వచ్చి, కింద ఇసుకను లాక్కుంటూ వెనక్కి పోతే, పడిపోతానేమోనని రెండు చేతులూ చాచి నిలబడింది. సీట్లక్క వెళ్ళి పక్కన నిలబడింది. 

"చాలా పెద్దగా ఉందే" అంది వదిన చివరికి.

ముప్పై ఏళ్ళు సముద్రం గురించి పాఠం చెప్పిన మనిషి అన్న మాట అది. సీట్లక్కకు నవ్వు రాలేదు. ఆమెకు ఆ మాట కూడా దొరకలేదు. అటు చివర దాకా చూద్దామంటే చివర లేదు. చూపు వెళ్ళి వెళ్ళి, ఆనుకోడానికి ఏమీ దొరకక, అలిసి వెనక్కి వచ్చేస్తోంది. పాతికేళ్ళు చేతికందే దూరంలో సూది బెజ్జం చూసిన కళ్ళు. ఇంత దూరం చూడగలవని వాటికే తెలియదు. కొంచెం భయం వేసింది. భయం వేస్తున్నా కదలబుద్ధి కాలేదు. ఆ రోజు వదిన పెన్సిలు చుక్క ఇంకా ముందరే ఉంది. ఇద్దరూ ఆ ఊసే ఎత్తకుండా ఒడ్డునున్న చిన్న లాడ్జిలో గది తీసుకుని, చీకటి పడేదాకా ఇసుకలోనే కూర్చున్నారు.

మరుసటి రోజంతా సముద్రం పక్కనే నడిచింది దారి. ఒకచోట కొండరాయిని తొలిచి వేశారు రోడ్డును. కింద అలలు రాతికి కొట్టుకుని లేచి, తుంపర రోడ్డు మీదికి వచ్చి హెల్మెట్ అద్దం మీద పడేది. సీట్లక్క అద్దం పైకెత్తి పెదవులు తడుపుకుంది. ఉప్పగా ఉంది. దారాల మీద గోటితో గీకి పారేసిన ఉప్పు ఇదేనా అనుకుంది. ఒకచోట నది వచ్చి కలిసే మొగ దగ్గర వంతెన మధ్యలో బండి ఆపి చూశారు. మట్టిరంగు నీళ్ళూ నీలం నీళ్ళూ చాలా దూరం పక్కపక్కనే పోయి, ఎక్కడ ఒకటయ్యాయో తెలియకుండా ఒకటయ్యాయి. "మనిద్దరిలాగే" అంది వదిన. "ఇందులో మట్టి ఎవరు?" అని అడిగింది సీట్లక్క.

ఆ తర్వాతి పొద్దున్నే కొండదారి మొదలైంది.

మొదటి మలుపులు సరదాగా ఉన్నాయి. పోను పోను అవి దగ్గరయ్యాయి. ఒక మలుపు తిరిగి ఊపిరి పీల్చుకునే లోపే ఇంకోటి. ప్రతి మలుపుకీ క్లచ్ నొక్కాలి, గేరు దించాలి, వదలాలి, మళ్ళీ నొక్కాలి. సీట్లక్క ఎడమచెయ్యి ముందు తిమ్మిరెక్కింది. ఇంటి దగ్గరా అప్పుడప్పుడూ ఎక్కేదే, విదిలిస్తే పోయేది. విదిలించింది. పోలేదు. బొటనవేలు తనది కానట్టుగా ఉంది. వదినకు చెప్పలేదు. ఇంకో మలుపు, ఇంకోటి అనుకుంటూ లాగింది. నిటారుగా ఉన్న ఒక మలుపు మధ్యలో వేళ్ళు క్లచ్ మీద నుంచి వాటంతటవే జారిపోయాయి. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఆగి, మెల్లగా వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. వెనక రోడ్డు అంచు, అంచు అవతల ఏమీ లేదు.

కుడిచేత్తో ముందు బ్రేకు పట్టుకుంది. వదిన రెండు కాళ్ళూ నేల మీద తన్నిపెట్టింది. బండి ఆగింది. ఇద్దరూ దాన్ని తోసుకుంటూ పక్కనున్న ఖాళీ జాగాలోకి తెచ్చి స్టాండు వేశారు. అప్పుడు సీట్లక్క చెయ్యి ముందుకు చాపి చూపించింది. వేళ్ళు వణుకుతున్నాయి, పిడికిలి మూసుకోవడం లేదు.

"ఎప్పట్నుంచే ఇది?"

"చాలా కాలం నుంచి కొద్దికొద్దిగా. ఇంతెప్పుడూ లేదు."

"నాతో అనలేదేం?"

"అంటే ప్రయాణం ఆపించేసేవారు కదా వదినా."

వదిన కాదనలేదు. ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని పాముతూ కూర్చుంది. కిందికి దిగాలన్నా క్లచ్ కావాలి, పైకి వెళ్ళాలన్నా కావాలి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఇద్దరికీ ఆ రోడ్డు అంచున తెలిసింది.

కాసేపటికి ఒక లారీ మూలుగుతూ వచ్చి ఆగింది. నెరిసిన మీసాల డ్రైవరు దిగి సంగతి విని, "దీనికేముంది తల్లీ, లారీ వెనక ఖాళీయే. బండిని పైకెక్కిద్దాం, మీరు నా పక్కన కూర్చోండి. మధ్యాహ్నానికి పైన దింపేస్తా" అన్నాడు. సీట్లక్క ప్రాణం కుదుటపడింది. లేచి సామాను తాళ్ళు విప్పబోయింది.

వదిన లేవలేదు. తల ఎత్తి పైకి చూస్తోంది. పైన కొండ మీద కొండ, దాని మీద మెలికలు తిరిగిన రోడ్డు, రోడ్డును సగంలో మింగేసిన తెల్లటి మబ్బు.

"వద్దు" అంది.

"ఏం వద్దు వదినా?"

"లారీలో ఎక్కితే మనం సామానవుతాం. తాళం చెవి ఇలా ఇవ్వు."

"ఇది బడి మైదానం కాదు."

"కాదు. ఇక్కడ గోల్‌పోస్టు లేదు, అదే నయం." ఆవిడ తాళం చెవి కోసం చెయ్యి చాపింది. "భయంగానే ఉందే. నీకు మాత్రం సముద్రం దగ్గర లేదా?"

డ్రైవరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి మీసం దువ్వుకున్నాడు. "అయితే ఒక పని చేద్దాం. మీరు ముందు పోండి, నేను మీ వెనకాలే మెల్లగా వస్తా. వెనక నుంచి ఇంకెవడూ మిమ్మల్ని తరమడు. హారన్ కొట్టనులే, కంగారు పడకండి" అన్నాడు.

అలా బయల్దేరారు. ముందు యాభై ఎనిమిదేళ్ళ టీచరు, వెనక సీట్లక్క, వాళ్ళ వెనక లైట్లు వేసుకున్న లారీ. వదిన ప్రతి మలుపుకీ పైకి చదువుకుంటోంది. "గేరు దించు. మలుపు అవతలికి చూడు, అంచు చూడకు. ఇప్పుడు వదులు." పాఠం చెప్పే గొంతే. విద్యార్థి కూడా తనే. మొదటి మలుపులో బండి ఊగింది. రెండో దాన్లో తక్కువ ఊగింది. సీట్లక్క చచ్చినా మాట్లాడకూడదని పళ్ళు బిగించుకుంది. ఆమె కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. చాలా మలుపుల తర్వాత ఆ కాలు దానంతటదే ఊరుకుంది.

బండి వెనక కూర్చోవడం ఆమెకు చిన్నప్పుడు తండ్రి వెనక కూర్చున్నాక మళ్ళీ ఇదే. ఎన్ని వందల వెనక సీట్లు కుట్టిందో. ఎందులోనూ కూర్చోలేదు. ముందు కూర్చున్నవాళ్ళకు రోడ్డు కనిపిస్తుంది, గుంట కనిపిస్తుంది, ఎదురొచ్చే బండి కనిపిస్తుంది. ఆమె చేతులకు ఇప్పుడు పని లేదు, కళ్ళకు కాపలా లేదు. తల ఎటు తిప్పితే అటు లోకం వస్తోంది.

రోడ్డు పక్క రాతిలోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. ఇంకొంత పైన అదే నీరు జలపాతమై రోడ్డుకు అడ్డంగా దూకి, అటువైపు లోయలోకి దూకేస్తోంది. చెట్లు మారిపోయాయి. ఆకులు సన్నబడి సూదులయ్యాయి. ఆ చల్లటి ఘాటు వాసన కొండంతా ఉంది, నలపకుండానే. కింద లోయలో ఒక గద్ద తిరుగుతోంది. గద్ద వీపును పై నుంచి చూడటం ఆమె ఎరగదు. రెక్కల మీద ఎండ పడి రాగిలా మెరిసింది. అంతలో ఒక మబ్బు తుంపు రోడ్డు దాటుతూ వాళ్ళలోంచే వెళ్ళింది. ముఖం తడిసింది, ముందున్న వదిన వీపు కూడా కనబడలేదు, మళ్ళీ కనబడింది.

తర్వాతి మలుపులో కొండ పక్కకు తప్పుకుంది.

కింద, చాలా కింద, అంత పెద్ద సముద్రం ఉంది. మొన్న చూపుకు అంతు దొరకనిది, ఇప్పుడు అంచులతో సహా కనిపిస్తోంది. దాని ఒడ్డున తెల్లటి నురగ ఎవరో సుద్దతో గీసినట్టు కదలకుండా ఉంది. ఒడ్డు వెంబడి ఒక సన్నటి పోగు. అది రోడ్డని, తాము వచ్చిన రోడ్డేనని ఆమెకు వెంటనే తట్టలేదు. నది కలిసిన చోటు, వంతెన, రాయిని తొలిచిన మలుపు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ పోగు మీద చీమంత కూడా లేని ఇద్దరు మనుషులు రెండు రోజులు బండి మీద వచ్చి ఇక్కడ, దీనికి పైన, ఇంత ఎత్తున ఉన్నారు. తాను ఎంత చిన్నదో ఆమెకు ఒళ్ళంతా తెలిసింది. దానికి బాధ కలగకపోవడమే ఆమెకు వింతగా తోచింది. పైగా ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టుంది.

"వదినా, ఆపండి."

"ఎక్కుతూంటే ఆపడం నాకు రాదే. పైన ఆపుతా."

"పోనీ మీరు చూడకండి. నేను చూసి చెప్తాను."

"చెప్పు."

సీట్లక్క నోరు తెరిచింది.  కాసేపటికి, "చాలా పెద్దగా ఉంది వదినా" అంది. హెల్మెట్ లోపల వదిన నవ్వడం ఆవిడ భుజాల్లో తెలిసింది.

కొండ నెత్తిమీద రోడ్డు పనివాళ్ళ కోసం కట్టిన విడిది ఒకటి, దాని పక్కనే టీ కొట్టు ఉన్నాయి. వదిన బండి ఆపింది గాని దిగలేకపోయింది.  లారీ డ్రైవరు దిగివచ్చి బండి పట్టుకుంటే అప్పుడు దిగింది. "ఇన్నేళ్ళుగా ఎక్కుతున్నాను, ఇంత మెల్లగా ఎప్పుడూ ఎక్కలేదు తల్లీ" అన్నాడాయన. "అటు పక్కన ఇన్ని చెట్లున్నాయని ఇవాళే చూశా." టీ డబ్బులు వాళ్ళను ఇవ్వనివ్వకుండా తనే ఇచ్చి వెళ్ళిపోయాడు.

విడిది చూసుకునే ముసలామె వాళ్ళకు గది తెరిచి, సీట్లక్క చేతికి వేడినీళ్ళ గుడ్డ చుట్టింది. పొద్దున్నే ఆమే తలుపు తట్టి లేపింది. రండమ్మా, ఇది రోజూ ఉండదు అంది.

దుప్పట్లు కప్పుకుని బయటికి వచ్చారు. కింద లోయ లేదు, సముద్రం లేదు, వచ్చిన దారి లేదు. కంటికి ఆనినంత మేరా మబ్బు పరుచుకుని ఉంది, తెల్లగా, ఉబ్బెత్తుగా. దాంట్లోంచి అక్కడక్కడా కొండ శిఖరాలు దీవుల్లా లేచి ఉన్నాయి. సూర్యుడు ఆ మబ్బు కింద నుంచి వస్తున్నాడు. ముందు మబ్బు అంచు ఎర్రబడింది, తర్వాత లోపలంతా దీపం పెట్టినట్టయింది. వదిన అలవాటు చొప్పున, "కింద తేమ గాలి చల్లబడినప్పుడేమో..." అని మొదలుపెట్టి, మాట మధ్యలో సీట్లక్క ఎడమచెయ్యి పట్టుకుని ఊరుకుంది. ఆ పాఠం అక్కడే ఆగిపోయింది. విడిది ముసలామె కూడా చీపురు గోడకు ఆనించి చూస్తూ నిలబడింది.

"మీరు చాలాసార్లు చూసిందేగా" అంది సీట్లక్క.

"చూసిందే. అయినా పని చెయ్యబుద్ధి కాదు" అంది ముసలామె.

కొండకు అటు పక్కన దారి వెడల్పుగా, నెమ్మదిగా దిగింది. అక్కడి నుంచి ఇల్లు చేరేదాకా నడిపింది వదినే. ఆ తర్వాత సీట్లక్క చేతికి చిన్న ఆపరేషను జరిగింది. మణికట్టులో నరం నలిగిపోయిందన్నారు. పటకారు పట్టకూడదన్నారు. మొదట్లో చాలా బెంగపడింది. ఇప్పుడు రెగ్జిన్ లాగే పనికి గట్టి చేతులున్న ఒక మనిషిని పెట్టుకుంది. ఫోమ్ చెక్కడం, కత్తిరించడం మాత్రం తనే చేస్తుంది. వెనక సీటు మీద ఆమె తీసుకునే శ్రద్ధ చూసి వచ్చినవాళ్ళు, ముందు సంగతి చూడక్కా అని విసుక్కుంటారు.

ప్రయాణం నుంచి ఇంటికొచ్చిన రోజు భర్త ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎలా ఉందో చెప్పండి అన్నాడు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు, ఒకేసారి ఆగారు. సీట్లక్క చేతులు చాపి ఏదో చూపించబోయింది, చేతులు చాల్లేదు. వదిన పిండి రాలిన బల్ల మీద వేలితో ఒక గీత గీసి, అది కాదని చెరిపేసింది. ఆయన రొట్టె ముక్క నములుతూ చాలాసేపు ఓపిక పట్టాడు.

"సరే, చెప్పకండి. ఈసారి నేనూ వస్తా" అన్నాడు.

ఉన్నది ఒక్క బండి, మనుషులు ముగ్గురు. రిటైరైన మర్నాడే వదిన వెళ్ళి ఎవరినీ అడగకుండా ఒక ఎర్రటి పాత బండి కొనుక్కొచ్చి గుమ్మం ముందు పెట్టింది. బళ్ళు రెండయ్యాయి గాని తగువు పెరిగింది. వెనక సీటు నాదంటే నాదని ముగ్గురూ అంటున్నారు. అది ఇంకా తేలలేదు.